పాప వెంట ఉంటేనే

రబ్బరు షీట్లు తూచే కొక్కెం త్రాసుకి చేతిసంచి తగిలిస్తే ముల్లు ఏడు కిలోల నాలుగు వందల దగ్గర ఆగింది. బిన్సీ ఉసూరుమంటూ సంచి దించి, జిప్పు లాగి, మళ్ళీ మొదటికొచ్చింది. పొద్దున్నుంచి ఇది నాలుగోసారి. ఏం తియ్యాలో తోచడం లేదు. పక్కింటి సారమ్మ తన కొడుక్కి పంపుతున్న, గులాబీపువ్వుల్లాంటి అచ్చప్పాల డబ్బా తియ్యడానికి లేదు, ఆవిడ దగ్గరుండి పెట్టించి మరీ వెళ్ళింది. పైఇంటివాళ్ళ అరటికాయ చిప్సు తీస్తే వాళ్ళు ఇక మాట్లాడ్డం మానేస్తారు. మరిది కోసం అత్తగారు మిరియాలు దంచి, సన్నసెగ మీద నల్లగా వేయించిన మాంసం పొట్లాలు రెండూ తియ్యాలన్న ఆలోచన కూడా పాపమే. చివరికి తన డ్యూటీ బూట్లు తీసి, అప్పటికే పొట్ట పగిలేలా ఉన్న పెద్దపెట్టెలో కుక్కింది. ముల్లు విమానంవాళ్ళు ఒప్పుకునే ఏడుకి దిగింది. ఆ సంచిలో ఇక తనదంటూ మిగిలినవి ఒక జత బట్టలు, పాలు పిండుకునే చేతిపంపు, దాని సీసా, పాప విడిచిన చొక్కా ఒకటి.

పాలా అనే ఊరు దాటి ఆ కొండ మీద ముప్పై ఇళ్ళుంటే, ఇరవై ఇళ్ళవాళ్ళకి కువైట్‌లో ఎవరో ఒకరున్నారు. ఎవరు బయల్దేరినా మిగతావాళ్ళ పొట్లాలన్నీ వాళ్ళ సంచిలోకే చేరతాయి. ఎలాగూ వెళ్తున్నావుగా అనే మాటతో మొదలవుతుంది అంతా. కాదంటే తప్పు, ఎందుకంటే వచ్చేసారి మనవాళ్ళకి వాళ్ళే తేవాలి. ఎనిమిదేళ్ళుగా పోయి వస్తోంది కాబట్టి, చేతిసంచిలో ఏది పోతుందో ఏది పోదో బిన్సీ చెప్తే చాలు, ఎయిర్‌పోర్టువాళ్ళు చెప్పినట్టే ఆ ఊరికి. ఆమె వరండాలో కూర్చుంటే చిన్నపాటి కోర్టు నడుస్తుంది. పనసతొనలు పట్టుకెళ్ళనిస్తారా? ఇస్తారు, వాసనకి పక్కసీటువాళ్ళు తిడితే నాకు తెలీదు. చేపల ఊరగాయ? పెద్దపెట్టెలోకి, మూడు కవర్లు చుట్టి. కొబ్బరికాయ? చేతిసంచిలో కూడదు. కొబ్బరినూనె? వంద మిల్లీలీటర్ల సీసా దాటితే తనిఖీ దగ్గరే తీసి పారేస్తారు. ఒకావిడ కూతురి కోసం కొబ్బరికోరు పీట తెచ్చింది. దానికి ఇనప పళ్ళుంటాయి కదమ్మా, చూస్తే నన్ను పోలీసులకి పట్టిస్తారు అంటే, పళ్ళకి గుడ్డ చుట్టాన్లే అని భరోసా ఇచ్చింది. అంతమందికి అన్ని చెప్పిన బిన్సీకి కూడా తెలియని రూలు ఒకటి మిగిలిపోయిందని ఆ ఉదయం ఎవరికీ తెలీదు.

ఫ్లైటు మధ్యాహ్నం మూడున్నరకి. సంచి గుమ్మం దగ్గర పెట్టి, చెయ్యి కడుక్కుని, బిన్సీ ఉయ్యాల దగ్గరకెళ్ళి నిలబడింది. మూడు నెలల పిల్ల. పెద్దపేరు ఏలియామ్మ, ఇంటి ఆచారం ప్రకారం నాయనమ్మ పేరు. ఆ పేరు పెట్టిన రోజు నుంచీ పిల్ల నాయనమ్మదే అయిపోయింది. బిన్సీ మాత్రం ఎవరూ లేనప్పుడు ఏలూ అని పిలుచుకుంటుంది. ముందురోజు మధ్యాహ్నం అదే త్రాసుకి తువ్వాలు కట్టి, అందులో పిల్లని పడుకోబెట్టి తూచింది. అయిదు కిలోల ఎనిమిది వందలు. అత్తగారు చూసి, పిల్లని రబ్బరు షీటులా తూస్తున్నావేమే అని నవ్వింది. బిన్సీకి నవ్వు రాలేదు. సంచి కంటే పిల్లే తేలిక, మరి సంచి పోతోంది, పిల్ల ఉండిపోతోంది అనుకుంటూ తువ్వాలు విప్పింది. ఇది తల్లికి రావలసిన ఆలోచనేనా అని కూడా అనుకుంది. కానీ వచ్చింది, ఏం చేస్తుంది.

పిల్లని తీసుకెళ్ళే దారి లేక కాదు. అదే ఆమెని తినేస్తున్నది. బిన్సీ పనిచేసేది కువైట్ ఆసుపత్రిలో, అప్పుడే పుట్టిన పిల్లల వార్డులో. అక్కడి మేట్రన్ నాదియా ఈజిప్టు మనిషి, నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. నెల కిందట ఫోన్ చేసి, మొగుడూ పెళ్ళాలకి ఇచ్చే క్వార్టరు ఒకటి ఖాళీ అయింది, జీతం లేకుండా ఒక నెల సెలవు పొడిగిస్తాను, కాగితాలు చేయించుకుని పిల్లనీ ఆయననీ వెంటబెట్టుకుని రా అంది. ఆ మాట బిన్సీ రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా దాచుకుంది. వంట చేస్తూ, పాలిస్తూ, గుడ్డలు ఉతుకుతూ ఆ క్వార్టరుకి మనసులోనే తెరలు కట్టుకుంది. ఏలూ మంచం ఏ గోడకి వెయ్యాలో కూడా తేల్చుకుంది. మూడో రోజు రాత్రి అన్నాల దగ్గర చెప్పింది. చెప్పడమే తప్పయింది.

అత్తగారు ముందు జీతం లేని నెల అన్న ముక్క పట్టుకుంది. ఇంటి మీద రెండో అంతస్తు సగంలో ఆగింది, సిమెంటు పని మొదలెట్టేముందు నువ్వు సెలవు పెట్టి కూర్చుంటానంటే ఎలా అంది. ఆ మీదట, నేను అయిదుగురిని పెంచాను, ఒక్కరినైనా చీమ కుట్టనిచ్చానా, నా దగ్గర పిల్లని వదలడానికి నీకు మనసొప్పడం లేదంటే నేనేమనుకోవాలి అని కళ్ళు తుడుచుకుంది. ఆవిడ దొంగ ఏడుపు ఏడవలేదు, నిజంగానే నొచ్చుకుంది. పురుడు పోసింది ఆవిడే. బిన్సీ తల్లి పోయి ఆరేళ్ళయింది కాబట్టి పుట్టింటి పురుడు లేదు. నలభై రోజులు నూనె రాసి, వేడినీళ్ళు పోసి, లేహ్యం తినిపించి, వెల్లుల్లి వేయించి పెట్టి, కోడలికి పాలు పడేట్టు చేసింది అత్తగారే. అలాంటి మనిషితో ఏమని వాదిస్తుంది.

బిన్సీ ‘ఇచ్చాయా’ అని పిలిచే మొగుడు జోమోన్ అయితే అసలు విషయం నవ్వులాటలోకి తీసుకుపోయాడు. చెడ్డవాడు కాదు జోమోన్. తాగి కొట్టడు, అరవడు. ఉదయం రబ్బరు తోటలో ఒక చుట్టు తిరిగి, సాయంత్రం చర్చి క్లబ్బులో ఇరవై ఎనిమిది పేకాట ఆడి, పాప నిద్రపోయాక వచ్చి బుగ్గ మీద ముద్దు పెడతాడు. పాప ఏడిస్తే మాత్రం, బిన్సీ, చూడు, అని కేకేస్తాడు. ఆ రాత్రి చేప ముల్లు పళ్ళెం అంచున పెడుతూ అన్నాడు: "నువ్వు డ్యూటీకి పోతే నేనక్కడ కూర్చుని ఉయ్యాల ఊపుకోవాలా? నర్సు మొగుడంటేనే క్లబ్బులో సగం నవ్వుతారు. ఆయా అయ్యానని తెలిస్తే మిగతా సగం కూడా నవ్వుతారు." అత్తగారు ఏడుపు మధ్యలో ఆగి నవ్వేసింది. బిన్సీ కూడా నవ్వింది. తరవాత గిన్నెలు తోముతూ, ఎందుకు నవ్వానా అని తనని తాను తిట్టుకుంది. ఎనిమిదేళ్ళు తను పరాయిదేశంలో ఎవరి పిల్లలకో ముడ్లు కడుగుతుంటే అది ఉద్యోగం, ఈయన సొంత పిల్లకి ఆ పనే చేస్తే అది ఆయా పని. ఆ ముక్క అప్పుడే అనవలసింది. మర్నాడు నాదియాకి, కుదరదు మేడమ్ అని మెసేజి పెట్టింది. క్వార్టరు వచ్చే నెలాఖరు వరకూ నీ పేరు మీదే ఉంచుతాను, తెలివితక్కువదానా, అని ఆవిడ జవాబిచ్చింది.

ఆ తరవాత పాలు మాన్పించే పని మొదలైంది. ప్రయాణానికి నాలుగు రోజుల ముందు అత్తగారు సందు చివర పూలమ్మే ఆవిడ దగ్గర మల్లెమొగ్గలు కొనుక్కొచ్చింది. వాటిని రొమ్ముల మీద పరిచి, మెత్తటి పాతగుడ్డతో బిగించి కట్టింది. ఆ కొండ మీద పిల్లని వదిలి వెళ్ళే తల్లులందరికీ ఇదే చేస్తారు, మల్లెలకి పాలు ఎండుతాయి. మాత్రలున్నాయి అమ్మచ్చీ అని బిన్సీ చెప్పబోయింది. నర్సువి అయితే అయ్యావుగానీ, మాత్రలతో ఒంట్లో వేడి చేస్తుంది అని అత్తగారు ముడి వేసేసింది. పెళ్ళినాటి రాత్రి ఈ పూలే తలలో పెట్టిందీ ఆవిడే. ఇప్పుడు నాలుగు రోజులుగా కట్టు మార్చినప్పుడల్లా వాడిన మొగ్గలు దోసిలి నిండా రాలుతున్నాయి. గదంతా మల్లెల వాసన. ఆ వాసనకో, తల్లి దగ్గరకి రానివ్వడం లేదనో పాప గుక్కపట్టి ఏడుస్తుంది. డబ్బాపాల సీసా నోట్లో పెడితే తల పక్కకి తిప్పేస్తుంది. ఆ ఏడుపు పక్కగదిలోంచి వినపడితే చాలు, కట్టు కింద మల్లెలన్నీ తడిసిపోతాయి. ఒళ్ళు దాని పని అది చేసుకుపోతుంది, ఎవరి మాటా వినదు.

బయల్దేరేటప్పుడు పాపని కారు దాకా తేవద్దని అత్తగారు అంది. నీ వాసన తగిలితే రాత్రంతా నాకు నిద్రుండదు అంది. మళ్ళీ తనే, నువ్వు వేసుకుని విడిచిన నైటీ ఒకటి ఉతక్కుండా వదిలివెళ్ళు, పక్కలో వేసి పడుకోబెడతాను అంది. అందరూ చేతులు కట్టుకుని ప్రార్థన చేశారు. ఏలూ అప్పుడు నిద్రలో ఉంది, పిడికిలి నుదుటికి ఆనించుకుని. బిన్సీ ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఇక కదల్లేనని తెలుసు.

రెండు గంటల దారి. జోమోన్ బండి నడుపుతూ క్లబ్బు కబుర్లు చెప్పాడు. సగం దారిలోనే బిన్సీకి రొమ్ములు రాయి కట్టినట్టయ్యాయి, చంకల దాకా సలుపు. పైన సీటుబెల్టు ఆనితే ప్రాణం పోతోంది. చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఎయిర్‌పోర్టులో జోమోన్ ట్రాలీ తెచ్చాడు, పెద్దపెట్టె ఎక్కించాడు, తల నిమిరాడు, తమ్ముడికి మాంసం జాగ్రత్తగా ఇవ్వమన్నాడు. ఆకలేస్తోంది, ఇక్కడ క్యాంటీన్లో పరోటా తిని బయల్దేరతాను అన్నాడు. ఆమె గాజుతలుపు దాటి లోపలికి వెళ్ళిపోయింది.

పెద్దపెట్టె ఇచ్చేసి, బోర్డింగు కార్డు చేతికొచ్చాక ఇక నిలబడలేకపోయింది. ఒక గది తలుపు మీద బిడ్డని ఒళ్ళో పెట్టుకున్న తల్లి బొమ్మ ఉంది. లోపల మంచి కుర్చీ కూడా ఉండి ఉంటుంది. వొట్టి చేతులతో ఆ తలుపు తొయ్యడానికి ఆమెకి మొహం చెల్లలేదు. పక్కన ఆడవాళ్ళ బాత్రూంలోకి పోయి, గడియ పెట్టుకుని, కమోడు మూత మీద కూర్చుని కట్టు విప్పింది. నలిగిన మల్లెలు కింద రాలాయి. పంపు ఆనించి పిండుకుంది. మొదటి ధార సీసాలో పడిన చప్పుడుకి కళ్ళలోంచి కూడా నీళ్ళు దిగాయి. సలుపు తగ్గుతున్న సుఖం ఒకపక్క, ఈ పాలు తాగవలసిన నోరు ఇక్కడ లేదన్న దుఃఖం ఒకపక్క. నూటయాభై గీత దాకా వచ్చాయి. నాలుగు రోజుల మల్లెలు ఏం చేశాయో ఆ కన్యమరియకే తెలియాలి.

వాష్‌బేసిన్ మీదకి సీసా వంచింది. చెయ్యి వంగలేదు. వార్డులో నెలలు నిండని పిల్లలకి తల్లిపాలు మిల్లీలీటర్లలో కొలిచి ముక్కుగొట్టంలో పోసే మనిషి ఆమె. రెండు చుక్కలు గుడ్డ మీద ఒలికినందుకు కొత్త నర్సులని చీవాట్లు పెట్టింది. ఇప్పుడు నూటయాభై, వెచ్చగా, చేతిలో. జోమోన్ ఇంకా క్యాంటీన్లోనే ఉంటాడని ఫోన్ చేసింది. ద్వారం దగ్గరకి వస్తే సీసా ఇస్తాను, ఐసు అడిగి కవర్లో పెట్టించుకుని తీసుకెళ్ళండి, సాయంత్రం పాపకి పట్టండి అంది. అతను పరోటా నముల్తూ విన్నాడు.

"దానికోసం నేను మళ్ళీ ద్వారం దాకా నడిచి రావాలా? పారబొయ్యి బిన్సీ. ఇంట్లో డబ్బాపాలు మూడు డబ్బాలున్నాయిగా."

ఆమె సరేనంది. ఫోన్ పెట్టేసింది. సీసా మూత బిగించి, పాప చొక్కాలో చుట్టి, చేతిసంచిలో పెట్టుకుంది. ఎందుకు పెట్టుకుందో అప్పుడు అడిగితే చెప్పలేకపోయేది. ఊరందరికీ వంద మిల్లీలీటర్ల రూలు అప్పజెప్పిన మనిషికి ఆ క్షణాన అసలా రూలే గుర్తు రాలేదు. పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకుని తనిఖీ వరసలో నిలబడింది.

సంచి ఎక్స్‌రే మిషను నల్లటి నోట్లోంచి వెంటనే బయటికి రాలేదు. వచ్చాక, పక్క పట్టాలోకి మళ్ళింది. ఎవరిదీ బ్యాగు అని ముదురు ఖాకీ యూనిఫాంలో ఉన్న ఒకామె అడిగింది. ముప్పై దాటి ఉండదు. ఛాతీ మీద ఫూల్‌మణి కుజూర్ అని హిందీలో రాసుంది. కువైట్‌లో బిన్సీకి వచ్చిన హిందీ చాలు. ఫూల్‌మణి చేతితొడుగులు వేసుకుని సంచి తెరిచి, ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది. అచ్చప్పాల డబ్బా. చిప్సు నాలుగు పొట్లాలు. మాంసం పొట్లాలు. చేపల కూరలో పులుపుకి వేసే, చింతపండులా నల్లగా పొగవాసన వేసే కుడంపులి. వాటి తరవాత పంపు బయటికొచ్చింది. ఆమె దాన్ని వెలుతురికి ఎత్తిపట్టి, ఏమిటిది అంది. వెనక వరసలో మగవాళ్ళు చూస్తున్నారు. ఒకతను పక్కవాడి చెవిలో ఏదో అని నవ్వాడు. రోజుకి పదిమంది తల్లులకి దాన్ని ఎలా వాడాలో గట్టిగా విడమరిచి చెప్పే బిన్సీకి ఆ ముక్క నోట్లోంచి రాలేదు. పాలు తీసుకునేది అని గొణిగింది. ఫూల్‌మణి నవ్వుతున్న వాళ్ళకేసి ఒక్క చూపు చూసి, పంపుని గబుక్కున కింద పెట్టేసింది. పాప చొక్కా విప్పింది. సీసా దొర్లింది.

"పాలా?"

"పాలే."

"పిల్లల పాలు పోనిస్తాం, పర్లేదు. పాప ఏది?"

బిన్సీ పక్కకి చూసింది. అక్కడ ఎవరూ లేరు. ఎందుకు చూసిందో ఆమెకే తెలీదు. పాప ఇంట్లో ఉంది, నేనొక్కదాన్నే వెళ్తున్నాను అంది. ఫూల్‌మణి మొహంలో పెద్ద మార్పేం లేదు. రోజూ చెప్పే మాటే చెప్పింది. పాప వెంట ఉంటేనే పాలు పోనిస్తారట. పాప లేకపోతే ఇవి మామూలు ద్రవం, సీసా వంద దాటింది కాబట్టి కూడదు. ఆ డబ్బాలో పొయ్యి, లేదంటే ఇక్కడే తాగెయ్యి. నీళ్ళసీసాలున్నవాళ్ళందరికీ అదే చెప్తాం అంది. అన్నాక, ఏమంటోందో తనకే తట్టినట్టు ఆగింది.

పక్కన నీలం డబ్బా. అందులో సగం తాగిన నీళ్ళసీసాలు, చల్లటి కాఫీ, షాంపూ, ఎవరిదో నూనెసీసా. బిన్సీ సీసా పట్టుకుని డబ్బా దగ్గర నిలబడింది. ఆమె వెనకవాళ్ళు ట్రేలు లాక్కుని, బెల్టులు పెట్టుకుని, తప్పించుకుని పోతున్నారు. ఫూల్‌మణి అచ్చప్పాల డబ్బా తిరిగి సంచిలో సర్దుతూ, తల ఎత్తకుండానే, గొంతు తగ్గించి అడిగింది.

"ఎన్ని నెలలు?"

"మూడు. ఆడపిల్ల."

"నాకూ ఆడపిల్లే. మా ఊరు గుమ్లాలో, మా అమ్మ దగ్గరుంది. ట్రైనింగుకి వచ్చేటప్పుడు నాలుగు నెలలది. ఇప్పుడు అయిదేళ్ళు." చిప్సు పొట్లం పైన పెట్టి జిప్పు లాగింది. "అమ్మా అని మా అమ్మని పిలుస్తుంది. నన్ను అక్కా అంటుంది. మంచి పిల్ల, ఎవరు నేర్పితే అది అంటుంది."

అంతే చెప్పింది. ఇంకో సంచి పక్క పట్టాలోకి వచ్చింది, అటు తిరిగింది.

బిన్సీ అక్కడే ఉన్న ఇనపబెంచీ మీద కూలబడింది. సీసా ఒళ్ళో ఉంది, ఇంకా గోరువెచ్చగా ఉంది. ఏలూ ఈపాటికి లేచి ఉంటుంది. లేచీ లేవగానే పెదాలు చప్పరిస్తుంది, తల ఎడమవైపు తిప్పి వెతుకుతుంది, ఎప్పుడూ ఎడమవైపే. ఆ సంగతి అత్తగారికి తెలీదు. కుడివైపు సీసా పెడుతుంది. పిల్ల ఏడిస్తే కడుపునొప్పి అనుకుని వాము నీళ్ళు పోస్తుంది. రెండేళ్ళకి నెల సెలవు మీద తను వస్తుంది, సంచి నిండా చాక్లెట్లతో. పిల్ల నాయనమ్మ చీర వెనక దాక్కుంటుంది. పో, అమ్మ దగ్గరకి పో, అని అందరూ తోస్తారు. సిగ్గుపడుతోంది అని నవ్వుతారు. పిల్లకి బొమ్మలిచ్చి మంచి చేసుకునేసరికి సెలవు అయిపోతుంది. మళ్ళీ ఈ బెంచీ, మళ్ళీ ఈ పొట్లాలు. వార్డులో తనతో పాటున్న పద్నాలుగుమందిలో తొమ్మిదిమంది కథ ఇదే. వాళ్ళు డ్యూటీ మధ్యలో ఫోన్లో పిల్లల్ని చూపించుకుంటారు, ఎంత పెద్దవాళ్ళయ్యారో అని మురుస్తారు, బాత్రూంలోకి పోయి మొహం కడుక్కుని వస్తారు. తనూ ఓదార్చింది వాళ్ళని, అన్నీ సర్దుకుంటాయని. ఏం సర్దుకున్నాయని? పిల్ల కావాలి తనకి. ఫోటో కాదు, చొక్కా కాదు. ముంజేతి మీద ఆ బరువు కావాలి, మెడ కింద ఆ చెమట కావాలి. కావాలని నోరు తెరిచి గట్టిగా ఎన్నడూ అడగలేదు తను. మేట్రన్ ఇస్తానంది అని చెప్పింది, కుదురుతుందేమో అంది, మీరేమంటారు అంది. తనకి హక్కున్న దాన్ని పక్కింటివాళ్ళ గిన్నె అరువడిగినట్టు అడిగింది. ఇవ్వం అన్నారు. నవ్వేసి ఊరుకుంది.

తను ఈ ప్రయాణం మానుకుంటే ఆగేదేమిటి? రెండో అంతస్తు. ఆగనీ. ఒక నెల కాకపోతే ఒక ఏడాది ఆగనీ, పడుకోవడానికి కింద మూడు గదులున్నాయి. అత్తగారు నొచ్చుకుంటుంది. నొచ్చుకోనీ. ఆవిడ అయిదుగురినీ తన ఒళ్ళోనే పెంచుకుంది, ఒక్కరినీ ఎవరికీ ఇచ్చి పోలేదు. తనకి దొరికింది కోడలికెందుకు వద్దో ఆవిడే చెప్పాలి. ఇలా అనుకుంటుంటే బిన్సీకి భయం వేసింది, భయం వెనకనే ఆకలి కూడా వేసింది. పొద్దున్నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. అచ్చప్పాల డబ్బా మూత తీసి రెండు తినేసింది. సారమ్మకి తరవాత చెప్పుకోవచ్చు.

ఫోన్ తీసి నాదియాకి రాసింది, ఆ నెల సెలవు నాకు కావాలి మేడమ్, క్వార్టరు కూడా, ఎవరికీ ఇవ్వకండి. రాసింది మళ్ళీ చదువుకోలేదు, పంపేసింది. జవాబు వెంటనే వచ్చింది. ఇప్పటికైనా బుద్ధి వచ్చిందన్నమాట, పాపకి రెండు ముద్దులు, అని.

లేచి ఫూల్‌మణి దగ్గరకి వెళ్ళి, నేను వెనక్కి పోవాలి, ఎవరితో చెప్పాలి అని అడిగింది. ఫూల్‌మణి ఆమెని, సీసాని, మళ్ళీ ఆమెని చూసింది. ఎందుకని అడగలేదు. విమానం కంపెనీ అమ్మాయిని పిలిపించింది. అంత తేలిగ్గా వెనక్కి పోవడం కుదరదట, పాస్‌పోర్టు మీద ముద్ర రద్దు చేయించాలి, కిందికి దిగిన పెద్దపెట్టె వెతికి తీయించాలి, ఫారం నింపాలి. ఆ అమ్మాయి కలం పట్టుకుని, కారణం ఏం రాయమంటారు, ఆరోగ్యం బాగోలేదని రాస్తే తేలిక అంది. నాకేం, బాగానే ఉన్నాను, పాపని తీసుకుని ప్రయాణం చేస్తానని రాయండి అంది బిన్సీ. ఆ అమ్మాయి అలాగే రాసింది. అన్నీ అయ్యేసరికి గంట పైన పట్టింది. సీసా బిన్సీ చేతిలోనే ఉంది, వెనక్కి పోయే దోవలో దాన్ని ఎవరూ అడగలేదు. ఒక టీకొట్టు దగ్గర గ్లాసుడు ఐసు అడిగి తీసుకుని, కవర్లో పోసి, సీసా అందులో పెట్టింది.

బయట ఎండ చురుక్కుమంటోంది. పెద్దపెట్టె, చేతిసంచి, సీసా. ట్రాలీ పక్కన నిలబడి జోమోన్‌కి ఫోన్ చేసింది. ఇంటిదారిలో పెరుంబావూరు దాటానన్నాడు. ఫ్లైటు ఎక్కేశావా అన్నాడు. లేదు, బయట ఉన్నాను, వచ్చి నన్ను తీసుకెళ్ళండి అంది. ఏం మరిచిపోయావు, పాస్‌పోర్టు ఉందిగా అని కంగారుపడ్డాడు. ఆమె నిదానంగా మొత్తం చెప్పింది. సెలవు తీసుకున్నట్టు, క్వార్టరు ఉంచమన్నట్టు, వచ్చే నెల పాపతో వెళ్తున్నట్టు. ఎక్కడా కుదురుతుందేమో అనలేదు, ఏమంటారు అని అడగలేదు.

అవతల బండి పక్కకి తీసి ఆపిన చప్పుడయింది. అమ్మచ్చికి ఏం చెప్పాలి అన్నాడు. నేను చెప్తాను అంది. తమ్ముడు మాంసం కోసం ఎదురుచూస్తుంటాడు అన్నాడు. ఎదురుచూడనివ్వండి అంది.

"నువ్వు డ్యూటీకి పోతే అక్కడ పిల్లని ఎవరు చూస్తారు?"

"మీరు."

"నాకేం వచ్చు బిన్సీ? నేనెప్పుడైనా పిల్లని..."

"రాకపోతే ఏం, ఎవరికీ పుట్టుకతో రాదు. బండి తిప్పుకుని రండి ఇచ్చాయా. పాపకి స్నానం పోయడం రేపు పొద్దున్న మీకు నేర్పుతాను."